కుంచె కడిగిన నీళ్లు

రాసల్ ఖైమాల మా గ్యారేజీ ఎనుక
శుక్రవారం పొద్దుగాల
రెండు పాత టైర్ల మీద కూసుంటం,
నేనూ ఇద్రీస్ చాచా.

ఆయనది సూడాన్.
మున్సిపాలిటీల ముప్పై ఏండ్లు భూమి కొలిచినోడు.
నాది డెంటింగ్, పెయింటింగ్.
సొట్ట పడ్డ డోరును
ఎన్నడూ పడనట్టు చేసుడు నా పని.
రంగు పలచనైతే తప్పు,
అంచు కనవడితే తప్పు.
కొత్తదేదో పాతదేదో తెలిసిందంటే
అర్బాబ్ జీతంల కోస్తడు.

మొదటి వారం ఎదురుంగున్న కొండలు ఏసిన.
కోడ్ నంబరు చూసి కలిపినంత పక్కాగ
అన్నీ ఒక్కటే గోధుమ రంగు,
అంచులన్నీ బ్లేడుతోని కోసినట్టు.
చాచా చానాసేపు చూసి
"ఇవి కొండలు కావు తమ్మీ,
గోడకు ఆనిచ్చిన బండలు" అన్నడు.

"కండ్లు సగం మూసి లెక్కవెట్టు. ఎన్ని వరుసలు?"
ఆరు.
మళ్ల చూస్తే ఆరోదాని ఎనుక
ఎవరో నోటితోని ఊదిన బూడిదలెక్క ఇంకోటి.
ఏడుకొండలోడా అని నవ్విన.
ఆయనకు సమజు కాలే.

"ముంగటి కొండ అట్లనే ఉండనీ.
రెండోదాంట్ల చెంచెడు ఆకాశం కలుపు,
మూడోదాంట్ల రెండు.
నీకూ దానికీ నడుమ ఎంత గాలున్నదో
అంత గాలి దాని మీద పూయాలె."

ఆకాశమంటే నీలమని డబ్బా మూత తీసిన.
చెయ్యి పట్టుకున్నడు.
"ఎవరు చెప్పిండ్రు? ఈడ నీలమున్నదా? చూడు."

చూసిన.
పాలు తక్కువైన చాయ.
సిమెంటు సంచి దులిపినంక
పొద్దెండల నిలవడ్డ దుమ్ము.
అండ్ల జరంత గులాబీ,
చెప్తే ఎవరూ నమ్మనంత.
క్వారీల మూడో కొండను పగలగొడుతున్నరు,
లారీలల్ల కంకరై పోతున్నది.
పోంగ మిగిలింది గాలిలకు లేసి
నాలుగో కొండ మొఖం మీద కప్పుకుంటున్నది.

ఒకపారి ఐదో కొండ కింద
షాపుల మిగిలిన ఎరుపుతోని లారీ ఏసిన,
గోరంత.
"జరుగు జరుగు, మీదికొస్తున్నది!"
అని చాచా నిజంగనే టైరు మీదికెల్లి లేసిండు.
కూసున్నంక నిమ్మలంగ చెప్పిండు:
దూరం పోయేకొద్ది
పసుపు ముందు పోతది,
ఎన్క ఎరుపు.
చిన్నక్క నొసలు యాదికొచ్చింది.
ఏమనలే.

ఏడో కొండే వస్తలేదు.
తెలుపు కలిపితే సున్నమేసిన గోడయింది.
బూడిద రంగు కలిపితే
ఆరోదాన్ని దాటుకొని ముంగటికొచ్చింది.
నాలుగు వారాలు, పదకొండు కాయితాలు.
సర్వీసుల ఇన్నేండ్లల్ల
ఏ కారూ ఇంత సతాయించలే.

ఆ శుక్రవారం చాచా రాలే, మోకాలు నొప్పట.
ఒక్కన్నే కూసున్న.
ముంగట తుమ్మచెట్టూ, దాని కింద మేకా అయినయ్,
ఆరు కొండలూ అయినయ్.
ఏడోదానికి ఏం కలపాలో తెలువక
కుంచె కడిగే సీసాల ముంచి
ఉత్తగనే ఒక గీత గుంజిన.

కోసిన నీళ్ల సీసా అది.
పొద్దటిసంది అండ్ల
తుమ్మచెట్టు ఆకుపచ్చ కడిగిన,
మేక నలుపు కడిగిన,
ముంగటి కొండ మట్టి,
చెరిపేసిన లారీ ఎరుపు,
నా ఏండ్ల సందున్న గ్రీజు కూడా.
పక్కనున్నయన్నీ కలిసి
పేరు లేని రంగైనయ్.

గీత ఆరింది.
కొండ ఉన్నది.
ఉన్నదంటే
ఇంకా పోలేదు, అంతే.

శనివారం తెల్ల పెట్రోల్ బండొచ్చింది,
ఎడమ డోరుకు సొట్ట.
హెల్పర్ పిలగాడు మొఫిజుల్
టైర్ల కాడ సీసా ఎత్తి
"పారబొయ్యాల్నా భాయ్?" అన్నడు.
వద్దన్న.
ఎందుకని అడిగిండు.
చెప్పబోయి ఆగిన.
డోరు మీద అరచెయ్యి పెట్టి
సొట్ట ఎంత లోతున్నదో చూసిన.